తీగకు జ్వరమొస్తే!

మండుటెండలో కరెంటు తీగ కిందికి జారడం కంటికి కనిపిస్తుంది. చల్లబడగానే అది మళ్లీ పైకి లేస్తుంది. కానీ ఆ వేడికి తీగ లోలోపల పోగొట్టుకునే బలం ఎవరికీ కనిపించదు... తిరిగి రాదు కూడా!

2003 ఆగస్టు 14. మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 345 కిలోవోల్టుల విద్యుత్తు తీగ ఒకటి వేడెక్కి కిందికి సాగింది. కింద ఏపుగా పెరిగిన చెట్టు ఉంది. రెండూ దగ్గరపడ్డాయి. అంతే... లైను ఆగిపోయింది. అప్పటిదాకా అది మోస్తున్న కరెంటంతా పక్క లైన్ల మీద పడింది. బరువు పెరిగేసరికి అవీ వేడెక్కాయి. అరగంట లోపే మరో తీగ చెట్టుకు తగిలింది. ఇంకో తొమ్మిది నిమిషాలకు మూడోది. ఆ తర్వాత అంతా పేకమేడే. సాయంత్రం నాలుగుంబావు అయ్యేసరికి అమెరికాలో ఎనిమిది రాష్ట్రాల్లో, పక్కనున్న కెనడాలోని ఒంటారియోలో కలిపి దాదాపు అయిదు కోట్ల మందికి కరెంటు లేదు. న్యూయార్క్‌లో భూగర్భ రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోతే జనం వంతెనల మీదుగా నడుచుకుంటూ ఇళ్లకు చేరారు.

విచారణలో తేలిందేమిటో తెలుసా? మొదట పడిపోయిన తీగ ఆ సమయంలో మోస్తున్నది దాని సామర్థ్యంలో 44 శాతమే! రెండోది 88, మూడోది 93 శాతం. ఏదీ హద్దు దాటలేదు. ఆ తీగలు పడిపోవడానికి కారణం చెట్లు కొట్టించకపోవడమే అని నివేదిక తేల్చింది. నిజమే. అదే ఏడాది సెప్టెంబరు 28 తెల్లవారుజామున స్విట్జర్లాండ్‌లోనూ ఓ లైను ఇలాగే చెట్టుకు తగిలి, దాదాపు ఇటలీ మొత్తం చీకటైపోయింది. చెట్టు కొట్టేస్తే ఆ సమస్య తీరుతుంది. తీగ చల్లబడితే పైకీ లేస్తుంది.

కానీ వేడి తీగకు చేసే అపకారం ఒక్కటి కాదు, రెండు. కిందికి దించడం మొదటిది. తీగ బలాన్నే తినేయడం రెండోది. మొదటిది జ్వరం లాంటిది, వచ్చిపోతుంది. రెండోది అలా కాదు. ఒక్కోసారి కొంచెం కొంచెంగా తింటూ పోతుంది. ఎంత తిన్నదో పైకి చెప్పదు.

30 డిగ్రీలే మిగిలింది!

అసలు తీగ ఎందుకు వేడెక్కుతుంది? కరెంటు ప్రవహించే ఏ లోహమైనా వేడెక్కుతుంది. ఇస్త్రీపెట్టెలో అది వరం, తీగలో శాపం. పైగా ఇందులో ఓ మెలిక ఉంది. కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు! దానికితోడు ఎండ. నల్లబడిన పాత తీగ కొత్త తీగకన్నా ఎక్కువ ఎండను పీల్చుకుంటుంది.

వచ్చే వేడి ఇలా ఉంటే పోయే వేడి మాటేమిటి? తీగను చల్లబరిచేది ముఖ్యంగా గాలి. మన దేశంలో లైన్ల సామర్థ్యం లెక్కగట్టేటప్పుడు ఇంజినీర్లు సెకనుకు అర మీటరు పైచిలుకు గాలి మాత్రమే ఉందనుకుంటారు. అంటే ఆకు కదిలీ కదలనంత. అదే గాలి సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో అడ్డంగా వీచిందనుకోండి, అదే తీగ దాదాపు పాతిక శాతం ఎక్కువ కరెంటును మోయగలదు. ఆకు కదలని ఉక్కపోత మధ్యాహ్నం మనుషులకు ఎంత కష్టమో తీగకూ అంతే కష్టం.

మన దగ్గర చాలా పాత లైన్లను తీగ వేడి 75 డిగ్రీలు దాటకూడదన్న లెక్కతోనే వేశారు. శీతకాలంలో బయట 20 డిగ్రీలు ఉంటే, హద్దు చేరడానికి తీగకు ఇంకా 55 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. అదే రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండ 45కు చేరితే? మిగిలింది 30 డిగ్రీలే. అందులోనూ కొంత ఎండకే పోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఏసీలు, కూలర్లు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారిగా తిరుగుతుంటాయి. అంటే తీగకు మోసే శక్తి అన్నిటికన్నా తగ్గిపోయిన గంటలోనే దాని నెత్తిన బరువు అన్నిటికన్నా ఎక్కువ పడుతుంది. కరెంటు కష్టాలు ఎండాకాలంలోనే ఎందుకు ముదురుతాయో చెప్పడానికి వేరే కారణాలు వెతకక్కర్లేదు.

జానెడున్నర పొడవు... నిలువెత్తు జారుడు

వేడికి లోహం సాగుతుంది. ఇది బడిపిల్లలకూ తెలుసు. రైలు పట్టాల మధ్య ఖాళీ గురించి అందరూ చదువుకున్నదే. అయితే తీగ విషయంలో ఈ సాగుడు చేసే గారడీ వేరు.

రెండు టవర్ల మధ్య దూరం 400 మీటర్లు అనుకుందాం. మన 400 కిలోవోల్టుల లైన్లలో మామూలుగా ఉండే దూరం అదే. మధ్యలో తీగ ఎనిమిది మీటర్లు కిందికి వంగి ఉంది. ఇప్పుడు దాని వేడి 50 డిగ్రీలు పెరిగింది. తీగ పొడవు ఎంత పెరుగుతుంది? లెక్క వేస్తే 38 సెంటీమీటర్లు. 400 మీటర్లలో ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ రెండు కొసలూ కదలకుండా బిగించి ఉన్నాయి కదా! పెరిగిన పొడవు ఎటూ పోలేక మధ్యలో కిందికి దిగుతుంది. ఆ జానెడున్నర పెరుగుదలకు తీగ నడుమ రెండున్నర నుంచి మూడు మీటర్ల దాకా జారిపోతుంది. ఓ మనిషి నిలువెత్తు కన్నా ఎక్కువే. నమ్మకం కుదరకపోతే రెండు మేకుల మధ్య బట్టలారేసే తాడు కట్టి, ఒక్క అంగుళం వదులు చేసి చూడండి.

అందుకే తీగ నేలకు ఎంతెత్తున ఉండాలో చెప్పే నియమం చల్లటి తీగకు కాదు, బాగా వేడెక్కి అన్నిటికన్నా కిందికి జారిన తీగకు వర్తిస్తుంది. 400 కిలోవోల్టుల తీగ అలాంటప్పుడు కూడా నేలకు దాదాపు 8.8 మీటర్ల ఎత్తులో ఉండాలి. రోడ్డు దాటే 11 కేవీ తీగ 6.1 మీటర్లు. పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగైతే 4.6 మీటర్లు చాలు. ఇక్కడే అసలు చిక్కు. 4.6 మీటర్లంటే పదిహేను అడుగులు. ట్రాక్టరు ట్రక్కు మీద గడ్డి ఎత్తుగా వేసి, ఆ పైన ఓ మనిషి కూర్చుంటే ఆ పదిహేను అడుగులూ ఇట్టే అయిపోతాయి. ఆ తీగ ఇంకో అడుగు కిందికి జారి ఉంటే? గడ్డి ట్రాక్టర్లు తీగలకు తగిలి తగలబడిన వార్తలు ఏటా జిల్లా పేజీల్లో కనిపిస్తూనే ఉంటాయి.

కుందేలు, కుక్క, చారల గుర్రం...

కథలో అసలు ఘట్టానికి వచ్చేముందు తీగతో కాస్త పరిచయం కావాలి. విద్యుత్తు శాఖలో తీగను 'కండక్టరు' అంటారు. బస్సులో టికెట్లు కొట్టే ఆయనకూ దీనికీ పేరొక్కటే పోలిక. టవర్ల మీదా, ఊళ్లలో 11 కేవీ స్తంభాల మీదా ఎక్కువగా కనిపించే తీగను 'ఏసీఎస్ఆర్' అంటారు. చూడ్డానికి ఒక్క తీగలా ఉన్నా నిజానికది పేనిన తాడు. నడుమ ఉక్కు తీగలు, చుట్టూ అల్యూమినియం తీగలు. కరెంటు మోయడం అల్యూమినియం పని. బరువు మోయడంలో దానికి ఉక్కు తోడు.

వీటి సైజులకు బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచీ జంతువుల పేర్లే. అన్నిటికన్నా సన్నటివాటిలో ఒకటి స్క్విరల్, అంటే ఉడుత. తర్వాత వీజిల్, అంటే ముంగిసలాంటి చిన్న జంతువు. ఆపైన రాబిట్, డాగ్. 132 కేవీ లైన్లకు పాంథర్, 220కి జీబ్రా, 400కి మూస్ అనే పెద్ద దుప్పి. ఉక్కు లేని ఉత్త అల్యూమినియం తీగలకైతే చీమ, దోమ లాంటి పురుగుల పేర్లు పెట్టారు. అందుకే లైన్‌మన్లు 'ఇక్కడ వీజిల్ తీసి రాబిట్ వెయ్యాలి' అని మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్లకు జంతుప్రదర్శనశాలలో ఉన్నట్టుంటుంది. అన్నట్టు, అమెరికాలో ఏసీఎస్ఆర్‌కు పక్షుల పేర్లు, ఉత్త అల్యూమినియానికి పూల పేర్లు!

మూస్‌నే తీసుకుందాం. 54 అల్యూమినియం తీగలు, నడుమ ఏడు ఉక్కు తీగలు. ఒక్కొక్కటీ 3.53 మిల్లీమీటర్ల మందం. మొత్తం తాడు మందం 32 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మీటరు తీగ రెండు కిలోలు తూగుతుంది. దాన్ని తెంపాలంటే 16 టన్నుల బరువును వేలాడదీసినంత బలంతో లాగాలి. ఆ బలంలో దాదాపు సగం ఏడు ఉక్కు తీగలది. మిగతా సగం అల్యూమినియానిది. ఆ రెండో సగమే ఇప్పుడు మన కథానాయకి.

కంసాలికి తెలిసిన గుట్టు

అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీల వేడి కావాలి. మరి నీళ్లు మరిగే 100 డిగ్రీల దగ్గరే అది బలం కోల్పోతుందంటే ఎలా నమ్మడం? ఇంజినీరింగ్ పుస్తకాల దాకా అక్కర్లేదు. కంసాలినడిగితే చెబుతాడు.

వెండితీగనో బంగారు తీగనో సన్నగా లాగడానికి కంసాలి దగ్గర కమ్మచ్చు ఉంటుంది. పెద్దవి, చిన్నవి, మరీ చిన్నవి చిల్లులున్న ఇనుప పలక అది. తీగను ఒక్కో చిల్లులోంచి లాగుతూ సన్నం చేస్తాడు. రెండు మూడు చిల్లులు దాటేసరికి తీగ మొండికేస్తుంది. గట్టిపడి వంగదు, ఇంకా లాగితే తెగుతుంది. అప్పుడు దాన్ని కుంపట్లో పెట్టి కాలుస్తాడు. బయటికి తీశాక అది దారంలా మెత్తగా ఉంటుంది. మళ్లీ లాగుతాడు. లాగితే గట్టిపడటం, కాలిస్తే మెత్తబడటం... తరతరాలుగా ఆయనకు తెలిసిన గుట్టు ఇదే. ఇళ్లు కట్టేచోట ఇనుప చువ్వలు బిగించడానికి వాడే నల్ల బైండింగ్ వైరు చేత్తో మెలేస్తే మెలిపడుతుంది. అంతే మందం ఉన్న మామూలు ఇనుపతీగ మొరాయిస్తుంది. తేడా అంతా బైండింగ్ వైరును కొలిమిలో కాల్చి మెత్తబరచడంలోనే ఉంది.

కరెంటు తీగ తయారయ్యే ఫ్యాక్టరీలో జరిగేదీ కమ్మచ్చు పనే. 99.5 శాతానికి పైగా స్వచ్ఛమైన అల్యూమినియం కడ్డీ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల మందంతో లోపలికెళ్తుంది. వరసగా చిల్లుల్లోంచి లాగితే మూడున్నర మిల్లీమీటర్ల తీగై బయటికొస్తుంది. అడ్డకోత చూస్తే ఏడోవంతుకు తగ్గిపోయిందన్నమాట. ఇదంతా కాల్చకుండా, చలి మీదే. స్వచ్ఛమైన అల్యూమినియం స్వతహాగా మెత్తటిది. ఈ లాగుడులో దాని లోపలి స్ఫటికాలు నలిగి, సాగి, ఒకదాంట్లో ఒకటి చిక్కుపడిపోతాయి. ఆ చిక్కుముళ్లే దాని బలం. మెత్తటి అల్యూమినియంతో పోలిస్తే ఇలా లాగిన తీగ రెండింతలకన్నా ఎక్కువ గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు అర్థమైంది కదా! ఈ బలం లోహానికి పుట్టుకతో వచ్చింది కాదు, బలవంతాన తెచ్చిపెట్టింది. వేడి తగిలితే లోపలి అణువులకు కదిలే ఓపిక వస్తుంది. చిక్కుముళ్లు ఒక్కొక్కటీ విడిపోతాయి. నలిగిన స్ఫటికాల చోట కొత్తవి, మెత్తటివి పుడతాయి. కుంపట్లో నిమిషాల్లో అయ్యే పని 100 డిగ్రీల దగ్గర నెలలు, ఏళ్లు పడుతుంది. అంతే తేడా. ఈ ప్రక్రియనే 'అనీలింగ్' అంటారు. కంసాలి కావాలని చేసేది, కరెంటు తీగకు ఎవరూ కోరకుండానే జరిగిపోతుంది.

లెక్క కలుపుకుంటూ పోయే గంటలు

90 డిగ్రీల లోపు ఉన్నంతకాలం ఫరవాలేదు. ఎన్నేళ్లయినా నష్టం లెక్కలోకి వచ్చేంత ఉండదు. 75 అన్న హద్దులో ఈ భద్రతా ఉంది. ఆ పైనే కథ మారుతుంది. ప్రయోగశాలల్లో తీగల్ని వేడిచేసి తెంపిచూసిన పరీక్షల మీద 1970లలో కట్టిన లెక్కలు ఇప్పటికీ ఇంజినీర్లకు ఆధారం. వాటి ప్రకారం మూస్‌లో వాడేంత మందమున్న అల్యూమినియం తీగను 100 డిగ్రీల దగ్గర వెయ్యి గంటలు ఉంచితే బలం రెండు మూడు శాతం తగ్గుతుంది. 125 దగ్గర అదే వెయ్యి గంటలకు దాదాపు 14 శాతం. 150 దగ్గరైతే నాలుగోవంతు ఎగిరిపోతుంది! సన్నటి తీగలకు నష్టం ఇంకా ఎక్కువ. సన్నగా లాగేకొద్దీ చిక్కుముళ్లు పెరుగుతాయి, విడిపోవడానికి అంత తొందరా పెరుగుతుంది.

వెయ్యి గంటలంటే ఎంత? వేసవి రెండు నెలలూ రోజుకు ఎనిమిది గంటల చొప్పున తీగ హద్దు దాటి వేడెక్కిందనుకుంటే 480 గంటలు. రెండు వేసవులకే వెయ్యికి దగ్గరపడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట... ఈ గంటలు కలుస్తూ పోతాయి. పోయినేడాది వేడెక్కిన గంటలు ఈ ఏడాది చెరిగిపోవు. పక్క లైను పాడైనప్పుడు దాని బరువును ఓ సాయంత్రం మోసిన నాలుగు గంటలు, పిడుగు పడో కొమ్మ తగిలో షార్ట్‌సర్క్యూట్ అయినప్పుడు క్షణంలో తీగ వేడి ఒక్కసారి ఎగబాకిన సందర్భాలు, కింద గడ్డికి నిప్పంటుకుని మంటలు తగిలిన రోజు... అన్నీ ఆ ఖాతాలోకే. వర్షం పడినా, చలికాలం వచ్చినా పోయిన బలం తిరిగిరాదు. తీగ రంగు మారదు. మందం తగ్గదు. మోసే కరెంటూ తగ్గదు. నిజానికి మెత్తబడిన అల్యూమినియం కరెంటును ఓ పిసరు బాగానే మోస్తుంది! అందువల్ల కొలతల్లోనూ దొరకదు. తెలియాలంటే తీగ ముక్క కోసి, లాగి, తెంపి చూడాల్సిందే. ఆయుష్షు మొత్తమ్మీద 10 శాతానికి మించి బలం పోకూడదని చాలా విద్యుత్తు సంస్థలు గీత గీసుకున్నది ఇందుకే.

మరి బలం తగ్గిన తీగ వెంటనే తెగిపడుతుందా? లేదు. మామూలు రోజుల్లో తీగ మీద పడే లాగుడు దాని బలంలో నాలుగోవంతు లోపే. మిగతాదంతా గాలివానల కోసం, తుపాన్ల కోసం దాచుకున్న నిల్వ. వేడి కొట్టేసేది ఆ నిల్వనే. అందుకే నేరం ఎండాకాలంలో జరిగినా బయటపడేది మరెప్పుడో ఈదురుగాలి రాత్రి. అప్పుడు అందరూ గాలినే తిడతారు.

ఉక్కున్న తీగ అదృష్టవంతురాలు. ఈ వేడికి ఉక్కు చెక్కుచెదరదు కాబట్టి, అల్యూమినియం పది శాతం బలహీనపడినా మూస్ మొత్తం బలంలో పోయేది సుమారు అయిదు శాతమే. ఉత్త అల్యూమినియం తీగకు ఆ ఆసరా లేదు. పోయిందంతా పోయినట్టే. మరి ఈ ఉత్త అల్యూమినియం తీగలు ఎక్కడ ఎక్కువ? టవర్ల మీద కాదు, వీధుల్లో మన తలల మీదుగా పోయే లైన్లలో. ఓ ఇరవై ఇళ్లకని వేసిన లైనుకు అరవై ఇళ్లు, ప్రతి ఇంటికీ ఏసీ వచ్చి చేరితే దాని పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. పెద్ద లైన్ల వేడిని కనిపెట్టుకునేందుకు కంట్రోల్ రూములున్నాయి. వీధి తీగను అడిగే నాథుడెవరు?

అతుకు దగ్గరే అసలు గుండం

తీగ పొడవునా 70 డిగ్రీలుంటే అన్నిచోట్లా 70 ఉండదు. తీగకు తీగ కలిపినచోట, స్తంభం దగ్గర ఇటు తీగను అటు తీగకు కలిపే జంపరు దగ్గర వేడి వేరు. అల్యూమినియానికి గాలి సోకితే చాలు, క్షణాల్లో పైన ఆక్సైడు పొర కడుతుంది. ఆ పొర కరెంటును పోనివ్వదు. అందుకే అతుకు వేసేముందు తీగను బ్రష్‌తో బాగా రుద్ది, గ్రీజులాంటి పూత రాసి, యంత్రంతో నొక్కి బిగించాలి. అలా పద్ధతిగా వేసిన అతుకు తీగకన్నా చల్లగా ఉంటుంది. ఎందుకంటే అది లావుగా ఉంటుంది, గాలి తగిలే చోటు ఎక్కువ.

అదే అర్ధరాత్రి వానలో, కరెంటు కోసం ఊరంతా ఫోన్లు చేస్తుంటే కటింగ్ ప్లయర్‌తో మెలేసి వదిలేసిన అతుకు? పగలు వేడెక్కి సాగుతుంది, రాత్రి చల్లారి ముడుచుకుంటుంది. రోజూ ఇదే తంతు. బిగువు సడలుతుంది. సందుల్లోకి గాలి, తేమ దూరతాయి. ఆక్సైడు పెరుగుతుంది. అడ్డు పెరిగితే వేడి, వేడి పెరిగితే మరింత అడ్డు. తీగంతా 70 డిగ్రీల దగ్గర క్షేమంగా ఉన్నా, ఆ ఒక్కచోట 100 దాటి, 150 దాటి... అక్కడి రెండు మూడడుగులకు మాత్రం అనీలింగ్ తన పని తాను చేసుకుపోతుంది. గొలుసు బలమెంత అంటే అందులో సన్నటి లంకె బలమంత. నడివేసవి రాత్రుల్లో జంపర్లు కాలి తెగిపడటం వెనక చాలాసార్లు ఉండేది ఈ కథే.

కంటికి కనిపించని ఈ గుండాన్ని పట్టిచ్చే సాధనం లేకపోలేదు. వేడిని రంగుల్లో చూపించే థర్మల్ కెమెరా. రాత్రిపూట, లైను మీద బరువు బాగా ఉన్నప్పుడు దాంతో చూస్తే చెడిన అతుకు దీపంలా వెలుగుతూ కనిపిస్తుంది. సబ్‌స్టేషన్లలో, పెద్ద లైన్ల మీద ఇది ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు డ్రోన్లకూ తగిలిస్తున్నారు. ఓ చెడు అతుకును ముందే పట్టుకుంటే అయ్యే ఖర్చు ఓ లైన్‌మన్ పూట కష్టం. పట్టుకోకపోతే అయ్యేది ఒక్కోసారి ఓ నిండు ప్రాణం.

ముందే మెత్తబరిస్తే!

బలం పోతుందన్న భయం ఉంటే ఏం చెయ్యాలి? అమెరికాలో 1970లలో దీనికి ఓ చమత్కారమైన జవాబు కనిపెట్టారు. అల్యూమినియాన్ని ఫ్యాక్టరీలోనే పూర్తిగా కాల్చి మెత్తబరిచేయడం! పోవడానికి ఇక బలమంటూ ఉంటేగా! అలాంటి తీగలో మోత బరువంతా నడుమ ఉన్న ఉక్కుదే. అల్యూమినియం పని కరెంటు మోయడమొక్కటే. దీన్ని 'ఏసీఎస్ఎస్' అంటారు. 200 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. శత్రువు దోచుకునేదేదో మనమే ముందు ఇచ్చేసి కోటను కాపాడుకోవడం లాంటిది ఇది.

జపాన్‌వాళ్లు మరో దారి తొక్కారు. అల్యూమినియంలో చిటికెడు జిర్కోనియం కలిపితే ఆ చిక్కుముళ్లు వేడికి తొందరగా విడిపోవు. ఆ తీగ 150 డిగ్రీల దగ్గరా, కొన్ని రకాలైతే 210 దగ్గరా నిలుస్తాయి. ఇక కిందికి జారే సమస్యకు నడుమ ఉక్కు బదులు 'ఇన్వార్' పెట్టారు. 36 శాతం నికెల్ కలిసిన ఈ ఇనుము వేడికి సాగదంటే సాగదు. 1896లో దీని గుణం కనిపెట్టిన చార్లెస్ ఎడ్వర్డ్ గిల్యోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన దాన్ని వెతికింది గడియారాలకు, కొలబద్దలకు పనికొచ్చే లోహం కోసం. చివరికది టవర్ల మీదికెక్కింది. 2000 తర్వాత వచ్చిన రకంలో నడుమ లోహమే లేదు, కార్బన్ పీచుతో చేసిన కడ్డీ ఉంటుంది. తేలిక, గట్టి, సాగదు.

వీటితో పెద్ద సౌకర్యం ఏమిటంటే టవర్లు మార్చక్కర్లేదు. పాత తీగ దించి ఇది ఎక్కిస్తే అదే దారిలో దాదాపు రెట్టింపు కరెంటు పంపొచ్చు. కొత్త లైనుకు భూమి దొరకని నగరాల చుట్టూ మన దేశంలోనూ ఈ మార్పిడి జరుగుతోంది. అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. వేడి పెరిగేకొద్దీ తీగలో కరెంటుకు అడ్డు పెరుగుతుంది. 75 డిగ్రీల నుంచి 175కు పోతే ఆ అడ్డు మూడోవంతు ఎక్కువవుతుంది. అంటే దారిలో అంత కరెంటు ఆవిరైపోతుంది. తీగ తట్టుకుంటుంది సరే, నష్టం బిల్లు మాత్రం ఎవరో ఒకరు కట్టాలి. రోజంతా కాలుతూ ఉండేందుకు కాకుండా, ఏడాదిలో కొన్ని గడ్డు గంటలు గట్టెక్కేందుకు వాడితేనే వీటికి అందం.

ఇంకో దారి ఖర్చు తక్కువది. ఏడాది పొడవునా ఒకే హద్దు పెట్టుకోకుండా, ఆనాటి ఎండనుబట్టి, గాలినిబట్టి తీగ ఎంత మోయగలదో ఎప్పటికప్పుడు లెక్కకట్టడం. అమెరికాలో 2021 డిసెంబరులో లైన్ల సామర్థ్యాన్ని వాతావరణంలోని వేడిని బట్టి లెక్కించాలని నియమమే తెచ్చారు. గాలి వీచే చల్లటి రాత్రి తీగకు ఇంకాస్త పని చెప్పొచ్చు. ఉక్కపోత మధ్యాహ్నం ముందే బరువు తగ్గించొచ్చు. 75 అన్నది కాగితం మీది అంకె. తీగకు తెలిసింది తన ఒంటి వేడి మాత్రమే.

ఇళ్లలో ఉండేవాళ్లు వీటిలో ఏదీ చెయ్యలేరు. చూడ్డం మాత్రం చెయ్యగలరు. రాత్రిపూట అతుకు దగ్గర నిప్పురవ్వలు రాలుతున్నా, ఒకే స్తంభం దగ్గర జంపరు పదేపదే తెగుతున్నా, పక్కపక్క తీగల్లో ఒకటి మాత్రం మిగతావాటికన్నా కిందికి జారినా, అది ఆ తీగ ఇచ్చే సంకేతం. ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ 1912కు ఫోన్ చేసి స్తంభం నంబరు చెబితే సిబ్బందికి వెతుక్కునే పని తప్పుతుంది. కర్రతో తీగను పైకెత్తి ట్రాక్టరు దాటించే సాహసం మాత్రం వద్దు. కర్ర ఎండినట్టే కనిపిస్తుంది. లోపల తేమ ఉందో లేదో చెప్పడం ఎవరితరమూ కాదు.